ఎండిందని అనకూడని ఊట

ఎత్తు కొండల మీది మా ఊరు పియెద్రా సోలాలో సైకిలు ఎక్కిన మొదటి ఆడమనిషి నికాసియా కల్పాన్చాయ్. ఎక్కేనాటికి ఆవిడకి యాభై మూడేళ్లు. ఒక్కరోజులో ఎక్కేసిందనుకునేరు! ఊరికి పడమట ఉన్న ఉప్పు బయలు మీద పదిహేను రోజులు పడుతూ లేస్తూ నేర్చుకుంది. మోకాళ్లు చెక్కుకుపోయి, ఆ గాయాల్లోకి ఉప్పు దిగి, ఆవిడ పెట్టిన కేకలకి మేం ఉన్నికీ బరువులకీ పెంచుకునే లామాలు మేత మానేసి తలలెత్తి చూశాయని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, సొంత అన్న ఎలెయుతేరియోనే.

“ఏమే చెల్లీ, కాళ్లు అరిగిపోయాయా, చక్రాలు తగిలించుకున్నావు?” అన్నాడాయన నలుగురిలో.

“నీ నాలుక ఇంకా అరగలేదుగా, ముందు దాని సంగతి చూసుకో” అంది నికాసియా.

ఆ సైకిలు ఎవరో హాలండు ఆయనది. మోకాలు పట్టేసి, లారీ ఎక్కి వెళ్లిపోతూ, తనకి మూడు రోజులు వండిపెట్టిన నికాసియాకి వదిలేసిపోయాడు. మంద దగ్గరికి నడిస్తే మూడు గంటలు పట్టే దారి దాని మీద గంటలో అయిపోయేది. తెల్లారి వెళ్లి ఈనిన లామాల్ని చూసుకుని, మధ్యాహ్నం గాలి లేచేలోపు ఇల్లు చేరేది. మా దగ్గర మధ్యాహ్నం లేచేది గాలి అనుకుంటే పొరపాటే. పడమటి కొండల మీంచి ఎవడో పగబట్టి తోస్తున్నట్టు ఉంటుంది. దానికి ఎదురు తొక్కడం, గోడను తొక్కడం ఒకటే.

హాలండాయనతో ఆగలేదు. ఆయన వెనక ఒకరొకరుగా రావడం మొదలుపెట్టారు. తారురోడ్డు ఉండగా దాన్ని కాదని కంకరదారి వెతుక్కుంటూ వచ్చేవాళ్లని మావాళ్లు మొదట్లో పిచ్చివాళ్లనే అనుకున్నారు. అందులోనూ మా కంకరదారి మామూలుది కాదు. లారీల కింద నలిగి రంపప్పళ్లలా తేలి ఉంటుంది. పది కిలోమీటర్లు తొక్కాక దిగి ఒంట్లో ఎముకలన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకోవాలి. నికాసియా మాత్రం వాళ్లని చూసి ఎప్పుడూ నవ్వలేదు. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు తండ్రి వెంట, ఉప్పు దిమ్మలు మోసే నలభై లామాల వెంట, ఆవిడ నడిచినవి కూడా ఆ దారులే. సరుకంతా వీపున వేసుకుని, నీళ్ల కోసం కళ్లు కాయలు కాసేలా చూసుకుంటూ, గాలిని బూతులు తిడుతూ పోయే మనిషి ఎవరైనా సరే, ఆవిడకి తనవాడిలాగే కనపడేవాడు. రెండు మంచాలు వేసి, వేడి సూపు పెట్టి పంపేది.

అలా వచ్చినవాడే లెయాంద్రో బుస్తోస్. సాల్తా పట్నం మనిషి, నలభై దాటాయి, ఎండకి ముక్కు మీద చర్మం ఎప్పుడూ ఊడుతూ ఉండేది. కంకరదారుల్లో తొక్కే సైకిళ్లకి దారులు గీయడం అతని పని. తను తొక్కి, కొలిచి, ఫోనుల్లో చూసుకునే పటంగా తయారుచేస్తాడు. ఎక్కడెక్కడి జనమో దాన్ని నమ్ముకుని బయల్దేరతారు. మా ఊరి నుంచి పడమటి కూడలి దాకా, పాత ఉప్పుదారి వెంట, తొంభై అయిదు కిలోమీటర్ల దారి గీస్తానని వచ్చి నికాసియా వంటింట్లో కూర్చున్నాడు. ఆవిడ బల్ల మీద వేలు పెట్టి చెప్తుంటే పెన్సిలుతో గీసుకున్నాడు. ఇక్కడ ఇసుక, దిగి నడవాలి. ఇక్కడ రాళ్ల దొడ్డి, గాలికి చాటు. అన్నీ చెప్పింది. చివరికి అతను, పెద్దావిడని మా వైపు పిలిచినట్టే దొన్యా అని పిలుస్తూ, నీళ్ల దగ్గరికి వచ్చాడు.

“దారి మొత్తానికి ఒక్కటే ఊట ఉందన్నారు. యానా. ఇక్కడికి ఇరవై రెండు కిలోమీటర్లు. అందులో నీళ్లుంటాయా దొన్యా నికాసియా?”

పొయ్యి పక్కన ఎలెయుతేరియో కూర్చుని ఉన్నాడు. బుగ్గలో కోకా ఆకు నములుతున్నవాడల్లా నమలడం ఆపేసి చెల్లెలి వైపు చూశాడు.

మా పియెద్రా సోలాలో ఊట ఎండిందని నోటితో అనరు. ఊటకి చెవులుంటాయి. ఎండిపోయావని ఒక్కరన్నా చాలు, వీళ్లకి నాతో పని తీరిపోయింది కాబోలు అనుకుని భూమిలోకి తిరిగిపోతుంది, మళ్లీ రాదు. ఎవరూ అనకుండా ఉంటే ఎప్పటికైనా వస్తుంది. నికాసియా ముత్తవ్వ కాలంలో ఒక ఊట పదకొండేళ్లు కనపడకుండాపోయి తిరిగొచ్చిందట. ఆ పదకొండేళ్లూ ఊరు ఊరంతా నోరు కట్టుకుని కూర్చుందట. యానాలో చుక్క నీరు లేక అప్పటికి మూడేళ్లు. కింద ఉప్పు బయల్లో కంపెనీవాళ్లు దించిన బోర్ల వల్లేనని కొందరు, కొండ మీద మంచు పడటం మానేసిందని కొందరు. కారణాలు ఎన్నయినా మాట్లాడుకోవచ్చు, ఆ ఒక్క మాట మాత్రం అనకూడదు! ప్రతి ఆగస్టు ఒకటిన ఊరంతా అక్కడికి వెళ్లి, గొయ్యి తీసి, భూమి తల్లికి మొక్కజొన్న కల్లు, కోకా ఆకు, ఉడికిన దుంపలు పెట్టి వచ్చేవాళ్లు.

ఆ ఊటకి మొక్కులు నడిపించే పెద్ద ఎలెయుతేరియో. అంతకుముందు వాళ్లమ్మ. కన్నుమూసే ముందు ఆ తల్లి పిల్లలిద్దరినీ పిలిచి, ఇంటి గురించి గానీ మంద గురించి గానీ ఒక్క మాట చెప్పలేదు. “ఎంత కష్టం వచ్చినా మీ నోట ఆ మాట రాకూడదు” అంది, ఇద్దరి చేతులూ పట్టుకుని. అప్పటికే ఊట సన్నబడి ఉంది.

“ఉంటాయి” అంది నికాసియా.

“ఏడాది పొడుగునా?”

“మా తాతలు తాగారు, మా లామాలు తాగాయి” అన్నాడు ఎలెయుతేరియో. “ఇంకేం కావాలయ్యా నీకు? ఊట చేత సంతకం పెట్టించాలా?”

లెయాంద్రో నవ్వి పటంలో యానా దగ్గర నీలం చుక్క పెట్టుకున్నాడు. నికాసియా ఊరుకుంది. రేపు ఎలాగూ ఆ దారినే తొక్కుతాడు, తన కళ్లతో తనే చూసుకుంటాడు, చూసి చెరిపేసుకుంటాడు, నేను నోరు విప్పకుండానే పని జరిగిపోతుంది అనుకుంది. అతను వెళ్లిన రోజు దుమ్ము లేచింది. పదునురాయి తగిలి టైరు చీలింది. ఊట ఉన్నది దారికి కిలోమీటరు ఎడంగా, వాగు పైన. దొన్యా నికాసియా చెప్పిందిగా, మళ్లీ చూడ్డమెందుకని అతను అటు ఎక్కనేలేదు. ఆ నమ్మకమే కొంపముంచింది.

తరవాత వచ్చిన కుర్రాడొకడు భోజనం దగ్గర ఫోను తీసి పటం చూపిస్తే, యానా దగ్గర నీలం చుక్క మెరుస్తోంది. నికాసియా ఆ పూటే ఒక ఉపాయం ఆలోచించింది. తన ఇంటి నుంచి కదిలే ఏ సైకిలునీ పది లీటర్ల నీళ్లు వేయకుండా కదలనివ్వలేదు.

“బరువు దొన్యా, యానాలో పట్టుకుంటాంగా!”

“యానా నీళ్లు మీ కడుపులకి పడవు. బరువు మోసి చచ్చినవాణ్ణి నేను చూడలేదు. నింపు, మాట్లాడకు.”

రెండేళ్లు అలా గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇటు అమ్మకిచ్చిన మాటా నిలిచింది, అటు దారిన పోయేవాళ్ల ప్రాణాలూ నిలిచాయి, ఎంత తెలివైనదాన్నో అని ఆవిడ లోలోపల మురిసిపోయింది కూడా. ఒక్క సంగతి మాత్రం ఆవిడకి తట్టలేదు. ఆవిడకే కాదు, మాలో ఎవరికీ తట్టలేదు. మా దృష్టిలో ఏ దారైనా మా గుమ్మంలోనే మొదలవుతుంది. ఉప్పుకి వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచి వెళ్లి ఇక్కడికే వస్తారు. పడమటి కూడలిలో బస్సు దిగి అటు నుంచి ఇటు తొక్కేవాళ్లు ఉంటారని, గాలి వెనక నుంచి తోస్తుంది గనక కాస్త బుర్ర ఉన్నవాళ్లు అదే పని చేస్తారని ఒక్కరికీ తోచలేదు. పటానికి రెండు కొసలుంటాయి మరి.

నవంబరులో ఒక పొద్దున బడి ఫోను మోగింది. పంతులమ్మ పరుగెత్తుకొచ్చి నికాసియాని పిలిచింది. అవతల లెయాంద్రో.

“దొన్యా, మీ ఇంటికి రెనాతా అనే పిల్ల రాలేదూ? కోర్దోబా పిల్ల, ఇరవై ఆరేళ్లు. రాత్రికి మీ దగ్గరుంటానని వాళ్లమ్మకి చెప్పిందట. కబురు లేదని ఆవిడ నాకు ఫోను చేసింది.”

“ఎటు నుంచి వస్తోంది?”

“కూడలి నుంచి. మొన్న పొద్దున బయల్దేరింది.”

“నీళ్లెన్ని పట్టుకుంది?”

“అయిదు లీటర్లు. యానా దాకా చాలవా? పోలీసులకి చెప్పాను, సుస్కెస్ ఠాణా నుంచి వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు.”

ఆవిడ ఇంక వినలేదు. ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క బండి, ఎలెయుతేరియోది. అది ఉన్ని అమ్మకానికి తెల్లవారుజామునే వెళ్లింది. ఎప్పటికొస్తుందో తెలీదు. వచ్చీరాగానే యానాకి పంపమని పంతులమ్మకి చెప్పి, సైకిలుకి ఎనిమిది లీటర్ల నీళ్లు కట్టి, చక్కెరా ఉప్పూ ఒక గుడ్డలో మూటగట్టుకుని ఎక్కింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నాలుగు వేల మీటర్ల ఎత్తున, ఆ రంపం దారి మీద. ఇసుక వచ్చినచోట దిగి తోసింది. ఊపిరాడనిచోట ఆగి, బుగ్గలో కోకా ఆకు పెట్టుకుని మళ్లీ ఎక్కింది. దారంతా పెద్దగా తిడుతూనే ఉంది. లెయాంద్రోని తిట్టింది, అన్నని తిట్టింది, కంపెనీని తిట్టింది. తిట్టి తిట్టి చివరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. “ఉంటాయి అంటావే? నోరు పడిపోలేదేం నీకు, ముసలి ముండా!” అని అరిచింది. అడవి లామాల్లాంటి వికున్యాల గుంపు బెదిరి పారిపోయింది.

యానా దగ్గర ముందు సైకిలు కనపడింది. దాని పక్కన గొయ్యి. నడుములోతు గొయ్యి, ఊట నోరు ఉండే చోటనే తవ్వి ఉంది. అందులో సొట్టలు పడి అంచు చిరిగిన వంటగిన్నె ఉంది. పిల్ల రాళ్ల దొడ్డి గోడ నీడన పక్కకి తిరిగి పడుకుని ఉంది. పెదవులు పగిలి నల్లబడ్డాయి. చేతివేళ్లకి గోళ్లు సగం లేవు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా తగిలేసరికి నికాసియా ఒక్కసారిగా భోరుమంది.

తల ఒళ్లో పెట్టుకుని, చక్కెరా ఉప్పూ కలిపిన నీళ్లు మూతతో కొద్దికొద్దిగా పోసింది. “మెల్లిగా. గుటక వెయ్యకు, నోట్లో పెట్టుకో. ఆఁ, అలా. కక్కినా ఫరవాలేదు, ఇంకా ఉన్నాయి.” గంట గడిచాక పిల్ల చూపు కుదుటపడింది.

“నేను చోటు తప్పానా అమ్మా?” అంది.

“మాట్లాడకు.”

“పటంలో చుక్క సరిగ్గా ఇక్కడే ఉంది. నాకే తవ్వడం చేతకాలేదు. ఒకచోట తడి తగిలిందనుకున్నా. తడి కాదు, మట్టి చల్లగా ఉంది, అంతే.”

“ఇరవై రెండు కిలోమీటర్లేనే మా ఊరు! నిన్న మధ్యాహ్నం గాలి వెనకనుంచి తోస్తుంటే వచ్చేయకపోయావా, పిచ్చి పిల్లా?”

“నీళ్లు ఇక్కడుంటే ఎందుకొస్తాను?” అంది రెనాతా. ఎత్తిపొడుపు కాదు. ఆ పిల్ల నిజంగానే అడిగింది.

నికాసియా మూతలో మళ్లీ నీళ్లు పోసింది. నిన్న మధ్యాహ్నం ఈ పిల్ల కాళ్లలో ఇంకా బలం ఉంది. ఆ బలమంతా ఈ గొయ్యి తినేసింది.

అంతలో వాగు కింద బండి చప్పుడయింది. ఎలెయుతేరియో దిగాడు. గొయ్యి చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఎవరు తవ్విందిది? ఊట నోట్లో గిన్నె పెట్టి కెలుకుతారా ఎవరైనా? బుద్ధుందా?” అని గొంతెత్తినవాడు, పిల్ల చేతులు చూసి నోరు మూసుకున్నాడు. భుజం మీది ఉన్ని పొంచో తీసి ఆమె మీద కప్పాడు.

“తాతా” అంది రెనాతా, “ఇంకా ఎంత లోతు తవ్వాలి?”

“ఎందుకమ్మా ఇప్పుడది?”

“నా వెనక ఇద్దరు వస్తున్నారు. చక్రం విరిగితే బాగుచేయించుకుంటూ ఆగిపోయారు. ఇవాళ కూడలి నుంచి బయల్దేరి ఉంటారు, రేపు మధ్యాహ్నానికి ఇక్కడుంటారు. వాళ్ల దగ్గరా ఇదే పటం. ఎంత లోతో చెప్పండి, రాసిపెట్టి వస్తా. నాలాగా అడ్డదిడ్డంగా తవ్వి బలం పోగొట్టుకోరు.”

అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నువ్వేం రాయక్కర్లేదు” అన్నాడు ఎలెయుతేరియో. “నేనే ఎదురెళ్తాను. యానా దగ్గర ఆగొద్దని చెప్తాను.”

“ఎందుకు ఆగొద్దు?”

“ఆగొద్దంతే. పెద్దవాళ్లు చెప్తే వినాలి.”

“నేనైతే విననుగా తాతా. నీళ్లున్నచోట ఆగకుండా ఎవరు పోతారు?” పిల్ల మోచేతి మీద లేవబోయి మళ్లీ పడింది. “ఉన్నాయా, లేవా? అది చెప్పండి చాలు.”

ఎలెయుతేరియో టోపీ అంచు లాక్కుని కొండ వైపు చూశాడు. నికాసియాకి అమ్మ చేతి పట్టు ఇప్పుడే పట్టుకున్నంత గట్టిగా తెలిసింది.

“లేవు తల్లీ” అంది. “ఎండిపోయింది. అయిదేళ్లయింది ఎండిపోయి. నువ్వు చోటూ తప్పలేదు, తవ్వడమూ తప్పలేదు. నేనే అబద్ధమాడాను.”

“నికాసియా!” అని అరిచాడు ఎలెయుతేరియో. ఆ అరుపుకి పిల్ల ఉలిక్కిపడింది. “చంపేశావే! దాని నోటి దగ్గరే కూర్చుని చంపేశావు. అమ్మకి ఏం మొహం చూపిస్తావు?”

“అమ్మకి నేనేదో చెప్పుకుంటా. ఈ పిల్ల వాళ్లమ్మకి ఏం చెప్పమంటావో నువ్వు చెప్పు, అదే చెప్తా.”

ఆయన గొయ్యి పక్కన మోకాళ్ల మీద కూలబడి, చేతుల్తో మట్టి లోపలికి తోస్తూ చాలాసేపు ఏడ్చాడు. తరవాత ముక్కు తుడుచుకుని, పిల్లని ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. రెండు సైకిళ్లూ వెనక పడేశాడు.

రెనాతా బతికింది. మర్నాడు ఎలెయుతేరియో డ్రమ్ము నిండా నీళ్లతో పడమటికి ఎదురెళ్లాడు. ఆ ఇద్దరూ సగం దారిలో తగిలారు. యానాలో నీళ్లున్నాయా పెద్దాయనా అని వాళ్లూ అదే అడిగారు. ఆయన “మా చెల్లెలు అంటోంది, ఎండిపోయిందని” అన్నాడట.

ఆ ముక్క ఊరందరికీ దొరికింది. యానా పక్కన ఇవాళో రేపో ఊట వస్తుందని, అయిదేళ్లుగా ఎండుగడ్డి మీద మందల్ని కట్టేసుకుని కూర్చున్నవాళ్లు, “నికాసియా అంటోంది కదా” అని చెప్పుకుని, ఒక్క వారంలో మందల్ని కొండ అవతలికి తోలుకుపోయారు. అక్కడ నీళ్లున్నాయి. ఎన్నేళ్ల నుంచో అందరి గొంతుల్లో ఉన్న మాటే అది. ఒక్కరు కూడా తమ మాటగా అనలేదు. లెయాంద్రో ఫోను చేసి, ఏడుపు గొంతుతో క్షమాపణ చెప్పుకుని, పటంలో ఏం రాయమంటారని అడిగాడు. “ఎండిపోయిందని రాయి. చెప్పింది నికాసియా అని రాయి. ఊరి పేరు మాత్రం కలపకు” అంది ఆవిడ.

ఆగస్టు ఒకటిన బండి యానాకి బయల్దేరింది. నికాసియా తెల్లారే లేచి దుంపలు ఉడకేసి, గిన్నెకి గుడ్డ కట్టి, గుమ్మంలో నిలబడింది. ఎలెయుతేరియో బండి ఆపాడు. ఆవిడ వైపు చూడలేదు గానీ ఆపాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిడ, “ఊటని చంపిన మనిషి ఎక్కితే నేను దిగిపోతా” అంది. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. ఆయన బండి కదిలించాడు. నికాసియా దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి లోపలికి వెళ్లింది.

చేసింది తప్పని ఆవిడ ఒక్కసారి కూడా అనుకోలేదు. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ అదే అంటానని మొహం మీదే చెప్తుంది ఎవరడిగినా. అయితే అమ్మ కలలోకి వస్తోంది. వచ్చి, మంచం పక్కన కూర్చుని, చేతిలో చెయ్యి వెయ్యకుండా, ఏమీ అనకుండా, లేచి వెళ్లిపోతోంది. కనీసం తిట్టినా బాగుండేదని నికాసియా ఏడుస్తుంది.